సాక పొయ్యని ఇల్లు

పోయిన వారం మల్లమ్మ తన గడపకు వేపకొమ్మలు కడుతుంటే అక్కడ ఆపినం. మధ్యల వచ్చి కూసున్నోళ్లకు రెండు మాటలు చెప్పుకుంటే మంచిది.

గుండ్లవాయి అనే ఊరు ఇటిక్యాల దిక్కు ఉంటది, గద్వాలకు ఆటోల ముప్పావు గంట. రెండువేల ఏడో సంవత్సరం, భాద్రపదం. ఆ ఊర్ల మందు బంద్ అయ్యి పదకొండు మంగళారాలు. బంద్ పెట్టింది సర్కారు గాదు, పోలీసులు గాదు. పొదుపు సంఘం ఆడోళ్లు. వాళ్లకు పెద్ద మల్లమ్మ, యాభై రెండేండ్ల మనిషి, సంతకం దప్ప ఏం రానిది. సరిగ్గా ఆమె ఇంట్లనే, కొడుకు లక్ష్మణ్ బిడ్డ శ్రుతికి, నాలుగేండ్ల పిల్లకు, ఒంటి నిండ అమ్మవారు పోసింది. ఎండకాలంల రావాల్సిన అమ్మ వానకాలంల వచ్చిందంటే ఊరు ఊకుంటదా. నల్ల కాడ అదే మాట, పత్తి చేన్లల్ల అదే మాట. సాక పొయ్యని ఇంటిని అమ్మ వెతుక్కుంట వచ్చింది అని.

సాక అంటే ఏంది? ఊరమ్మ ముందర చెంబుతోని పోసేది. పసుపునీళ్లు, వేపాకు, దాని మీద సారా. మొదటి చుక్కలు నేల మీద అమ్మకు, మిగిలింది మొక్కుకున్నోళ్లకు ప్రసాదం. తాతల కాలం నుంచి ఉన్నది. అక్కడనే మల్లమ్మ తప్పు చేసింది.

బంద్ పెట్టిన నాడు సుంకులమ్మ గుడి ముందర నూట ఇరవై ఇండ్ల ఆడోళ్లు పసుపు ముట్టి ప్రమాణం చేసిన్రు. ఊర్ల ఎవరూ అమ్మొద్దు. ఎవరూ కొనొద్దు. బయట తాగి ఊర్లకు రావొద్దు. పెండ్లికి మందు పొయ్యొద్దు, పీనుగకు పొయ్యొద్దు. బడి పంతులమ్మ ఒక్కొక్కటి కాగితం మీద పెడుతుంది. ఎనిమిది అయినయి. అప్పుడు గుడి పని చూసుకునే మాసయ్య, తెల్ల గడ్డం దువ్వుకుంట, ఏం ఎరగనోని లెక్క అడిగిండు.

"అంత బాగనే ఉన్నది చెల్లె. మరి అమ్మకో?"

మల్లమ్మ ఒక్క నిమిషం గూడ ఆలోచించలే. "అమ్మకు అడ్డం చెప్పేటంత దాన్నా నేను? అమ్మ సాక అమ్మదే. రాయి పంతులమ్మా" అన్నది. తొమ్మిదోది అట్ల పడ్డది కాగితం మీద.

మొదటి మంగళారం ఒక్క ఇల్లు సాక పోసింది. రెండో మంగళారం నాలుగు. ఆ తర్వాత ఊరు ఊరంతకు భక్తి ముదిరింది. బర్రె ఈనిందని సాక. బోరు పడ్డదని సాక, పడలేదని సాక. ఒకడైతే బావమరిది అప్పు అడగడానికి రాకుంటే సాక పోస్తనని మొక్కుకున్నడు. ఇప్పటికి నలభై మూడు ఇండ్లు. అమ్మకు నాలుగు చుక్కలు, వీళ్లకు నాలుగు గ్లాసులు. గుడి వెనక గదిల సంచులు, సంచుల నిండ కన్నడ ప్యాకెట్లు. రాయచూరు దిక్కు నుంచి వచ్చే సారా ప్యాకెట్లను ఈ పక్క గట్లనే అంటరు.

మూడు సార్లు గద్వాల నుంచి ఎక్సైజు హెడ్డు ఇస్రాయేలు జీపేసుకొని వచ్చిండు. ఇండ్లల్ల వెతికిండు, గడ్డివాముల్ల పొడిచి చూసిండు. గుడి కాడికి వచ్చేసరికి చెప్పులిడిసి, దూరం నుంచే చేతులు జోడించి నిలబడ్డడు.

"అక్కా, నేను చర్చికి పోయేటోణ్ని. మీ అమ్మ గుడిల సంచి నేను ముడితే రేపు మాటొచ్చేది మందు మీద గాదు, నా మీద. చిల్లి నువ్వు పెట్టినవు. నువ్వే కుట్టుకోవాలె."

పోతపోత ఇంకో మాట గూడ అన్నడు. "నది అవతల కర్ణాటక సర్కారు జూలైల సారా మొత్తం బంద్ పెట్టింది. కార్ఖానలకు తాళాలు పడ్డయి. మరి మీ అమ్మకు వారం వారం కన్నడ ప్యాకెట్లు యాడికెళ్లి వస్తున్నయో, జర ఆలోచించు."

మల్లమ్మ ఆలోచించింది. తొంభై అయిదుల సర్కారే రాష్ట్రమంత మందు బంద్ పెట్టిననాడు ఆమె చూడనిది లేదు. కృష్ణా నదిల పుట్టి మీద జొన్నచొప్ప కింద దాచుకొచ్చిన్రు. సైకిల్ ట్యూబుల్ల గాలికి బదులు సారా పోసుకొచ్చిన్రు. చెక్‌పోస్టు కాడ ఒకామె తొమ్మిది నెలల కడుపుతోని కూసుంటే, జవాను పాపమని నీళ్లిచ్చి బండి ఎక్కిచ్చిండు. అట్ల ఆమె నాలుగు నెలలు రోజూ తొమ్మిది నెలల మనిషే. నవ్వుకునే ముచ్చట్లే గాని, ఆ నవ్వుల వెనక మల్లమ్మ తమ్ముడు బుడ్డన్న పాణం పోయింది. ఆ కథ ఈ ఇంట్ల ఎవరూ ఎత్తరు.

ఇగ ఇయాల మంగళారం. శ్రుతికి అమ్మ పోసి ఐదో రోజు.

పొద్దు బారెడు ఎక్కంగనే మాసయ్య వచ్చిండు. కొత్త కుండ, దాని మీద పసుపు రాసిన మూత, నడుముకు గంటలు. ఒక్కడే రాలే. వెనక పదిహేను ఇరవై మంది. అమ్మ పోసిన ఇంట్లకు రావొద్దు గనక వాకిట్లనే నిలబడి కుండ గడప ముందర దించిండు.

"బిడ్డ ఎట్లున్నది చెల్లె?"

"కండ్లు తెరిచింది. మజ్జిగ తాగింది" అన్నది మల్లమ్మ. "గద్వాల డాక్టరు తొమ్మిది రోజులు పడతదన్నడు."

"డాక్టరుకు తొమ్మిది రోజులు. అమ్మకు ఐదో రోజు సాక. మీ అత్త పోసింది. మీ అమ్మ పోసింది. లక్ష్మణ్‌కు అమ్మ పోసిననాడు నువ్వు గూడ పోసినవు, చెంబు పట్టింది నేనే."

"ఇయాల గూడ పోస్త. పసుపునీళ్లు పోస్త, పానకం పోస్త."

"పానకం పొయ్యడానికి ఇదేమన్న రాములోరి పెండ్లా?"

వెనకున్న మొగోళ్లు కిసకిస నవ్విన్రు. మల్లమ్మ పక్కన గోడకు ఆనుకొని సుగ్రా బేగం నిలబడ్డది. సంఘంల మల్లమ్మ తర్వాత ఆమెనే. పోరాటం మొదలైననాటి నుంచి ఇద్దరూ ఒకే ఆటోల పోయి ఒకే ఆటోల వచ్చినోళ్లు.

"మాసయ్యా, మా దాంట్ల తాగుడు హరామ్" అన్నది సుగ్రా. "ఆ సంగతి మా ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఇరవై ఏండ్లు తాగిండు. ఈ పదకొండు వారాలే ఇంట్ల మనిషి ఉన్నట్టున్నది. దాన్ని చెడగొట్టకు."

"నేను చెడగొడుతున్ననా బేగం? కాగితం మీద రాసిచ్చింది మీరే. మీ రాత మీరే చదువుకోరి. నేను బలవంతం చేస్తలేను. పోస్తే పొయ్యి, పొయ్యకుంటే పొయ్యకు. రేపు పిల్లకు ఏమన్న అయితే ఊరు నన్ను అడగదు."

మల్లమ్మకు తెలుసు ఆ మాట ఏం చేస్తదో. ఆమె చేతుల మీద సారా సాక పడ్డదంటే బంద్ అయిపోయినట్టే. మల్లమ్మనే పోసిందంటరు. సందులకొక దుకాణం మళ్ల తెరుస్తది. పొయ్యలేదనుకో, పిల్లకు రేపు జరమెక్కువైతే, మల్లమ్మ పంతానికి పసిదాన్ని బలి పెట్టిందంటరు. సంఘంల ఉన్న ఆడోళ్లే ముందు అంటరు. తల్లులు గదా.

లోపలి చీకట్ల నుంచి కోడలు జయశ్రీ గడప దాక వచ్చింది. ఐదు రోజులుగ తల దువ్వలే. కండ్లు ఉబ్బి ఉన్నయి.

"అత్తమ్మా, పొయ్యరాదు."

"నువ్వు లోపలికి పో జయా. బిడ్డ కాడ ఎవరున్నరు?"

"పండుకున్నది. మీకు ఊరు కావాలె అత్తమ్మా. నాకు అదొక్కటే. మీరు సంఘంల గెలిస్తే నాకేమొస్తది? ఆయన గూడ అదే అంటుండు. మా అమ్మకు జెప్పే ధైర్నం లేదు నాకు అని రాత్రంత..." అని మధ్యల ఆగి, చీరె కొంగు నోట్లకు కుక్కుకున్నది.

"రాత్రంత ఏంది?"

"ఏం లేదు. రాత్రంత నిద్ర పోలే."

జయశ్రీ అత్త మొఖం దిక్కు చూడలే. కోపం మీదున్నది అనుకున్నది మల్లమ్మ. కోపం ఉండదా మరి. ఆమె పెండ్లయి వచ్చిన నాటి నుంచి అత్తకు ఎదురు మాట చెప్పని పిల్ల, ఇయాల ఇరవై మంది ముందర నోరు తెరిచిందంటే ఎంత కాలిందో.

మల్లమ్మ లోపలికి పోయింది. చాప మీద పరిచిన వేపాకులల్ల శ్రుతి పండుకున్నది. బుగ్గల మీద పొక్కులు, కాళ్ల మీద పొక్కులు. నిద్దట్ల గోకుతుంటే చిన్న చెయ్యి పట్టుకొని వేపమండతోని మెల్లగ తుడిచింది. పిల్ల కండ్లు తెరవకుండనే "నానమ్మా, దురద" అన్నది. మల్లమ్మ అక్కడ ఎంతసేపు కూసున్నదో తెల్వదు. బయటికి వచ్చినంక ఆమె మొఖంల ఏముందో సుగ్రాకు గూడ అందలే.

"సరే మాసయ్యన్నా. పోస్త."

మాసయ్య తల ఊపిండు. వెనక మొగోళ్లల్ల ఒకడు ఇంకొకని వీపు మీద మెల్లగ చరిచిండు.

"ఇక్కడ గాదు. గుడి కాడ పోస్త. నలభై మూడు ఇండ్ల సాక అక్కడనే ఉన్నది గదా. ఆ సంచులన్ని బయట పెట్టు. నా ఇంటిది, ఊరిది, అంత కలిపి ఒక్కపారి."

సుగ్రా ఆమె మోచెయ్యి పట్టి పక్కకు గుంజింది. "మల్లక్కా, నువ్వు పోస్తే నేను రేపటి నుంచి మా ఆయనకు ఏం చెప్పాలె?"

"నాతోని రా. చెంబు పట్టుకో" అన్నది మల్లమ్మ. అంతకుమించి చెప్పలే.

గుడి అంటే పెద్ద గోపురం ఏం లేదు. నాలుగు రాళ్ల మీద కప్పు, ముందర రేకులు దింపిన పందిరి, లోపల పసుపుల మునిగిన అమ్మ. వెనక చిన్న గది. మాసయ్య మూడు సంచులు ఈడ్చుకొచ్చి పందిరి కింద పెట్టిండు. అమ్మ ముందర పళ్లెంల కర్పూరం వెలిగిచ్చిండు. ఈ ముచ్చట ఊరంత పాకి మొగోళ్లు ఒక్కొక్కళ్లే చేరుతున్నరు. ఎవని చేతిల చూసినా స్టీలు గ్లాసు. ఒక ముసలోడు గ్లాసు దొరక్క, అమాసకు పూజ చేసే పంచపాత్రనే ఎత్తుకొచ్చిండు.

మల్లమ్మ కొంగు నడుముకు చుట్టి, సంచి ముందర కూసున్నది.

"మాసయ్యన్నా, నాకు చదువు రాదు. ఒక మాట అడుగుత, చెప్పు. తొమ్మిదో దాంట్ల ఏమున్నది?"

"అమ్మ సాకకు అడ్డం లేదు అని ఉన్నది."

"సాక ఎవరిది?"

"అమ్మది."

"అమ్మది అని ఉన్నదా, అమ్మది, మాసయ్యది, ఈ గ్లాసులోళ్లది అని ఉన్నదా?"

మాసయ్య గడ్డం మీద చెయ్యి ఆగింది. "ప్రసాదం తీసుకునుడు ఎప్పటి నుంచో ఉన్నది చెల్లె."

"ప్రసాదం చుక్క నాలుక మీద వేసుకుంటరు. గ్లాసుల పోసుకొని పల్లీలు నంజుకోరు. అమ్మ ఆకలి మీదున్నదని నువ్వే చెప్తివి. ఆకలి మీద నా ఇంటికి, నా మనుమరాలి మీదికి వచ్చిందని నువ్వే చెప్తివి. ఆకలి మీదున్నదానికి నాలుగు చుక్కలు పోసి మిగిలింది మనం తాగితే ఆమెకు కడుపు నిండుతదా? ఇయాల అమ్మకే. మొత్తం."

అని కొడవలి తీసుకొని మొదటి ప్యాకెట్ కొస కోసి, అమ్మ ముందర నేల మీద పిండింది. రెండోది కోసింది. మూడోది. సుగ్రాకు అప్పుడు సమజయింది. చెంబు పక్కన పెట్టి, తాను గూడ కూసొని పండ్లతోని కొరకబోయి, మళ్ల ఆగి, "హరామ్, హరామ్" అనుకుంట గోరుతోని చింపడం మొదలు పెట్టింది. ఇంకో నలుగురు ఆడోళ్లు వచ్చి కూసున్నరు.

"ఏయ్, కొంచెమన్న ఆపురి" అన్నడొకడు.

"అమ్మకు పోస్తుంటే ఆపమంటున్నవా?" అన్నది సుగ్రా తల ఎత్తకుండనే. "మాసయ్యా, వీని పేరు గుర్తు పెట్టుకో. అమ్మ అడుగుతది."

పంచపాత్ర పట్టుకున్న ముసలోడు నేల మీద కాలువలెక్క పారేదాన్ని చూసుకుంట, కొడుకును సాగనంపేటోని లెక్క నిలబడ్డడు. మాసయ్య మొఖంల రంగు మారుతుంది. ఆడోళ్లు మాత్రం చాన్నాళ్లకు నవ్వుతున్నరు. పదకొండు వారాల చిల్లి వాళ్ల కండ్ల ముందర మూతపడుతుంది గదా.

రెండో సంచి మొదలు పెట్టినంక మల్లమ్మ చెయ్యి మెల్లగైంది.

ప్యాకెట్ పట్టుకొని ఎలుగుకు పెట్టి చూసింది. పైన బొమ్మ అదే. రంగు అదే. కాని మూతి అతుకు వంకరగ ఉన్నది. మిషను మీద అతికితే గీతలెక్క ఉంటది. ఇది కొవ్వొత్తి మీద పెట్టి అతికినట్టు కాలి, నల్లబడి, ముడతలు పడ్డది. కోసి ముక్కు కాడ పెట్టుకున్నది. సారా వాసన ఆమెకు తెల్వనిది గాదు. మొగుడు పోయేదాక ముప్పై ఏండ్లు ఆ వాసన పక్కన పండుకున్న మనిషి. ఇది ఆ వాసన గాదు. తలుపులకు రంగు వేసేటోళ్లు డబ్బా మూత తీస్తే వచ్చే వాసన.

సరిగ్గా అప్పుడే నేల మీద పారిన సారా జారుకుంట పోయి కర్పూరం పళ్లానికి తగిలింది.

మంట లేవలే. మిట్టమధ్యాహ్నపు ఎలుగుల ఎవరికీ ఏం కనపడలే. కాని అమ్మ పాదాల కాడ పరిచిన వేపమండలు ఒక్కసారి కదిలినయి. ఆకు ఆకే ముడుచుకున్నది, నల్లబడ్డది, సన్నగ చిటచిటమన్నది. ఎవరూ ముట్టలే. గాలి గూడ లేదు.

"తాగుతుంది" అన్నదొక ముసలామె వణుక్కుంట. "అమ్మ తాగుతుంది."

జనం అంత ఒక్కసారి వంగిన్రు. కొందరు నేల మీద పడి మొక్కిన్రు. పూనకం రాబోతున్నట్టు ఒకామె జుట్టు ముడి ఊడింది. మాసయ్య రెండు చేతులు పైకెత్తి, మళ్ల పెద్దమనిషి అయిపోయిండు. "చూసినవా మల్లమ్మా? ఒప్పుకున్నది. అమ్మ సాక ఒప్పుకున్నది."

మల్లమ్మ ఒక్కతే మొక్కలే. ముడుచుకుపోయిన ఆకుల దిక్కు చెయ్యి చాపింది. ముట్టకముందే వేడి కొట్టింది వేళ్లకు.

పదకొండేండ్ల కింద గద్వాల దవాఖాన వరండాల ఇదే చూసింది ఆమె. బుడ్డన్న తాగి మిగిల్చిన సీసా డాక్టరు అడిగి తెప్పిచ్చుకున్నడు. మూతెడు నేల మీద పోసి అగ్గిపుల్ల గీసిండు. "మంట కనపడుతుందా అమ్మా?" అని అడిగిండు. లేదన్నది. దాని మీద కాగితం ముక్క పెడితే అది ఉన్నకాడనే నల్లగ అయిపోయింది. "ఇది తాగేది గాదు, రంగుల కార్ఖానల వాడేది. ముందు కండ్లు తీస్తది, తర్వాత పాణం తీస్తది. తాగంగనే ఏం కాదు, అందుకే ఎవరూ తొందరగ రారు" అన్నడు. తెల్లారేటాళ్లకు తమ్ముడు లేడు.

"సుగ్రా, నీళ్లు. బకెట్లతోని నీళ్లు పొయ్యమను" అన్నది మల్లమ్మ. గొంతు పెంచలే. "ఎవరూ దగ్గరికి రావొద్దు. చేతికి తగిలినోళ్లు సబ్బుతోని కడుక్కోండ్రి. అమ్మ తాగుతలేదు. అది మంట. కనపడని మంట."

"ఏం మాట్లాడుతున్నవు?" అన్నడు మాసయ్య.

"మాసయ్యన్నా, నా మొఖం చూడు. ఈ సంచులు యాడికెళ్లి వచ్చినయి?"

"ఎప్పటి లెక్కనే. ఆదివారం పొద్దుగూకినంక గుడి వెనక పెట్టి పోతరు. ఎవరని నేనెప్పుడు అడగలే. అడిగితే పెట్టరు."

"నది అవతల రెండు నెలల నుంచి బంద్. కార్ఖాన లేదు, ప్యాకెట్ లేదు. మరి ఇదేంది?"

"పాత సరుకు అనుకున్న."

"మా బుడ్డన్నను మింగింది ఇదే. నువ్వు తాగినవా?"

"నేను మంగళారం పూజ అయ్యేదాక ఉపాసం. ముట్టలే." మాసయ్య సంచుల కాడికెళ్లి వెనక్కు జరిగిండు, నడుముకున్న గంటలు మోగినయి. "ఇది విషమంటున్నవా చెల్లె?"

"ఈ ఆదివారం వచ్చిన సంచులల్లకెళ్లి ఎవరికన్న ఇచ్చినవా? నిన్న గాని, మొన్న గాని? దాయకు. తిట్టను. దవాఖానకు తీస్కపోవాలె, అంతే. తొందరగ పోతే బతుకుతరు."

గ్లాసులు పట్టుకున్నోళ్లు ఒకళ్ల మొఖాలు ఒకళ్లు చూసుకున్నరు. మేము ముట్టలే, మంగళారమే గదా ఇచ్చేది అన్నరు. మాసయ్య అవునన్నట్టు తల ఊపిండు. ఊపి, ఆపిండు.

"ఒక్కనికి ఇచ్చిన. నిన్న పొద్దుగూకంగ. మొక్కు ఉన్నది, ఎవరికీ చెప్పకు అని కాళ్లు పట్టుకున్నడు. సాక పోసి, మిగిలింది నా ముందరనే తాగిండు. నాలుగు ప్యాకెట్లు. బిడ్డ తండ్రి తాగాలె గదా, లేకుంటే మొక్కు చెల్లదు."

"ఏ బిడ్డ?"

మాసయ్య చూపు మల్లమ్మ భుజం మీదికెళ్లి వెనక్కు పోయింది.

వెనక పందిరి గుంజ పట్టుకొని జయశ్రీ నిలబడ్డది. ఎప్పుడు వచ్చిందో. కాళ్లకు చెప్పులు లేవు.

"అత్తమ్మా, మీరు పొయ్యరని తెలిసే ఆయన పోయి పోసొచ్చిండు" అన్నది. "నేనే పొమ్మన్న. అమ్మకు తెలిస్తే గడప తొక్కనియ్యదు, చెప్పకు అన్నడు."

మల్లమ్మకు అన్ని సప్పుళ్లు దూరం అయినయి. లక్ష్మణ్. ఏడేండ్లయె చుక్క ముట్టక. తండ్రి పీనుగ మీద ఒట్టేసుకున్న పిల్లగాడు. తాగుడు కోసం గాదు, బిడ్డ కోసం తాగిండు. తల్లికి చెప్పలేక చాటుగ తాగిండు. ఆమె పానకం పోస్తనని ఇంత పంతం పట్టకుంటే, ఆమె ముందరనే పోసేటోడు. ఆమె ముక్కు కాడికి వచ్చేది వాసన.

"పొద్దుగాల ఎట్లుండె?"

"తల నొస్తుందన్నడు. ఒకసారి కక్కిండు. నిద్ర లేక అనుకున్న."

"ఇప్పుడు యాడున్నడు?"

"పత్తి పూల క్రాసింగ్‌కు కూలోళ్లను దింపి, పగటాళ్లకు మళ్ల తేవాలె గదా. ఆటో తీసుకొని పోయిండు. పన్నెండు మందిని ఎక్కిచ్చుకొని."

అప్పటికే రోడ్డు దిక్కు నుంచి మనుషుల అలికిడి. పత్తి చేనుకు పోయినోళ్లు తిరిగొస్తున్నరు. ఆటోల గాదు, నడుచుకుంట. వేళ్లకు ఇంక పువ్వు పువ్వుకు అద్దిన పసుపుపచ్చటి పుప్పొడి అంటుకొనే ఉన్నది. ముందర చిన్నమ్మ అనే కూలామె పరిగెత్తుకుంట వచ్చి, మల్లమ్మను చూసి ఆగింది. రొప్పు తీర్చుకోవడానికి గూడ ఆగలే.

"మల్లమ్మత్తా, నీ కొడుకు కాలువ కట్ట మీద ఆటో నడిమిట్ల ఆపేసిండు. మేము దిగి ఏమయిందన్నా అంటే..."

"ఏమన్నడు?"

చిన్నమ్మ ఒకసారి పైకి చూసింది. నడినెత్తిన సూర్యుడు నిలబడి ఉన్నడు. మనుషుల నీడలు కాళ్ల కిందనే ఉన్నయి.

"పొద్దు అప్పుడే గూకిందా, మీకు కనపడుతుందా అని అడిగిండు. మేం నవ్వులాట అనుకొని నవ్వినం. ఇప్పుడు అక్కడ కట్ట మీద ఒక్కడే కూసొని, చేతులతోని ఆటో ఎక్కడున్నదో తడుముకుంటుండు."